ఆరో గది బాధా నివేదిక

ఆరో గదిలో పన్నెండు వందల ఎలుకలు ఉండేవి. ఒక్కటీ కీచుమనేది కాదు. సంస్థకు ఏ పెద్దమనిషి వచ్చినా ముందు అక్కడికే తీసుకెళ్ళేవారు. వచ్చినవాళ్ళు తలుపు దగ్గర నిలబడి ఆ నిశ్శబ్దాన్ని కాసేపు వినేవారు. పంజరాలు చూసుకునే స్వరూప లోపల చెయ్యి పెడితే, తెల్ల ఎలుక తనంతట తానే అరచేతిలోకి ఎక్కి కూర్చునేది. సూది గుచ్చినా బెదిరేది కాదు.

అదంతా పట్టీ వల్ల. మామూలుగా ఎలుకకి మనిషి వాసనంటే హడలు. చెయ్యి దగ్గరికి రాగానే దాని గుండె దడదడలాడుతుంది, రక్తం తీరే మారిపోతుంది. ఇక మందు పనిచేసిందో భయం పనిచేసిందో ఎవరూ తేల్చలేరు. పిల్లలకి పాలిచ్చే తల్లి ఎలుక ఒంటి నుంచి వచ్చే ఒక వాసనను మా డాక్టర్ కాత్యాయని కనిపెట్టింది. ఆ వాసన మనిషి చెమటలో పుట్టేట్టు చేసే పట్టీని తయారుచేసింది. ప్రతి సోమవారం పొద్దున ప్రయోగాల జంతువులను ఉంచే మా జంతుశాలలో పనిచేసే అరవైనలుగురూ వరసలో నిలబడి, పాతది పీకేసి, జబ్బ లోపలివైపు కొత్తది అంటించుకునేవారు. కాగితాల మీద దానికి పెద్ద పేరేదో ఉంది. ఆడవాళ్ళు మాత్రం, పెట్టుకుంటే మనసు చల్లబడుతుందని, సల్లపట్టీ అనేవారు.

నేను అక్కడ సిబ్బంది ఆరోగ్య పర్యవేక్షకుణ్ణి. పేరు సుదర్శనం. డాక్టర్ని కాను. బీఎస్సీ చదివి, పారిశ్రామిక ఆరోగ్యంలో డిప్లొమా చేశాను. మూడు నెలలకొకసారి అందరిచేతా ఒక ప్రశ్నపత్రం నింపించడం నా పని. అందులో నాలుగో ప్రశ్న: 'ఆయాసంగాని, ఊపిరి ఆడకపోవడంగాని ఉందా?' ఎలుకల మూత్రం పంజరంలోని పొట్టులో ఎండి, దులిపినప్పుడు కంటికి కనబడని ధూళిగా లేస్తుంది. ఏళ్ళ తరబడి దాన్ని పీల్చినవాళ్ళలో కొందరికి తుమ్ములతో మొదలై ఉబ్బసంలోకి దిగుతుంది. ఈ పనిలో అది పాత జబ్బు, తెలిసిన జబ్బు. పట్టీ రాకముందు ప్రతిసారీ పదిమందో పన్నెండుమందో 'ఉంది' అని రాసేవారు. పట్టీ వచ్చాక ఏడాదిన్నరలో ఒక్కరూ రాయలేదు. అరవైనాలుగు కాగితాలు, ఆరుసార్లు, అన్నిటా 'లేదు'. నేను వాటి కింద సంతోషంగా సంతకాలు చేశాను. ధూళి లోపలికి పోకుండా ముఖానికి బిగించుకునే మంచి మాస్కులు కావాలని అంతకుముందు రెండుసార్లు రాసినవాణ్ణి, ఆ తర్వాత రాయడం మానేశాను. ఇతరుల మీద కోపం రాసేముందు నా తప్పు ఇక్కడ రాసిపెట్టాలి.

స్వరూపకి ముప్ఫై రెండేళ్ళు. బళ్ళో చెడుగుడు ఆడి జిల్లా పోటీల దాకా వెళ్ళిన మనిషి. పట్టీ రాకముందు ఒకసారి సంస్థ వార్షికోత్సవంలో ఆడవాళ్ళకి ఆటలు పెడితే, ఆమె కూత పెడుతూ గీత దాటి, నలుగురిని తాకి, కూత తెగకుండా వెనక్కి వచ్చింది. గడియారం పట్టుకుని నిలబడ్డది నేనే. ఒక్క దమ్ములో ముప్ఫైఒక్క సెకన్లు. సరదాకి డైరీలో రాసుకున్నాను. మా సంస్థలో పనివాళ్ళ ఊపిరిని కొలిచి రాసిన అంకె అదొక్కటేనని అప్పుడు నాకు తోచలేదు.

ఒక మధ్యాహ్నం పంజరం తీగ గీసుకుపోయి వేలికి కట్టు కోసం నా గదికి వచ్చింది. నేను కట్టు కడుతుంటే కూతురు పింకీ కబుర్లు చెబుతోంది. బళ్ళో టీచరమ్మ, అని ఆగింది. దాన్ని లీడర్ని, అని ఆగింది. చేసింది సారూ, అంది. ముఖంలో ఇబ్బందేమీ లేదు. నవ్వుతోంది కూడా. కాని మాటల మధ్య ఆ ఆగడం నాకు తెలుసు. నా భార్య వసుధ చివరి రెండేళ్ళూ అలాగే మాట్లాడింది. మొదట వాక్యానికొకసారి ఆగేది, తర్వాత నాలుగు మాటలకి, ఆ తర్వాత రెండు మాటలకి. చుట్టాలంతా ఆమె నెమ్మదస్తురాలైందని మెచ్చుకున్నారు.

స్వరూప గోళ్ళు చూశాను. నేరేడుపండు తిన్న నాలుకలా ఉన్నాయి.

ఆయాసంగా ఉందా అని అడిగితే, లేదు సారూ, మంచిగున్న, అంది. అయితే ఒకసారి కూత పెట్టమన్నాను.

"గీడ్నా?" అని నవ్వింది. "ఎవల్ని అవుట్ చెయ్యాలె? మిమ్ములనా?"

పెట్టింది. ఎనిమిదో సెకనుకి కూత తెగిపోయింది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, మెడ నరాలు తాళ్ళలా తేలాయి, పెదవులు బూడిదరంగుకి తిరిగాయి. ఆ ముఖం మీద మాత్రం మధ్యాహ్నం కునుకు తీసి లేచినంత హాయి.

"గింతేనా?" అంది, ఎవరి గురించో విన్నట్టు. "ఆట ఇడిసి ఎన్నేండ్లాయె మరి."

ఆ ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. రెండు గదుల రేకుల ఇల్లు. గుమ్మంలో కుక్క పడుకుని ఉంది. కొత్త మనిషిని చూసి తోక కూడా కదపలేదు. స్వరూప భర్త నర్సింలు ఆటో నడుపుతాడు. కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, భార్య నౌకరీ పుణ్యమా అని ఇల్లు చల్లగా ఉందని చెప్పాడు. ఇదివరకు ఆమె నోటికి వాడంతా అదిరేదట. ఏడాదిన్నరగా ఇంట్లో ఒక్క కొట్లాట లేదట. తనకీ ఎవరి మీదా కోపం రావడం లేదట. పొద్దున సవారీవాడొకడు బూతులు తిట్టి కిరాయి ఎగ్గొట్టి పోతే నవ్వుకుంటూ ఇంటికొచ్చానన్నాడు. చెబుతూ మళ్ళీ నవ్వాడు.

పింకీకి ఎనిమిదేళ్ళు. కుడి అరచేతికి గుడ్డ కట్టి ఉంది. ఏమైందని అడిగాను.

"రొట్టెల పెంక మీద చెయ్యి పెట్టిన తాతా. ఎంతసేపు పెట్టిన్నో తెల్వలే. వాసనొచ్చినంక తీసిన."

"ఏడ్చావా?"

"లే. అమ్మ పక్కనే ఉండె గదా."

చాయ్ గ్లాసు కింద పెట్టేశాను. ఆ వాసన ఎలుకల దగ్గర ఆగలేదు, ఇంటిదాకా వచ్చింది. పాలుతాగే పిల్ల ఎలుక తల్లి పక్కన ఉన్నప్పుడు దేనికీ బెదరదు. బెదరకపోవడం దాని అదృష్టం, ఎందుకంటే అప్పుడు బెదరాల్సింది తల్లి. మనం ఆ తల్లికి కూడా బెదురు తెలియకుండా చేశాం. ఊపిరి చాలనప్పుడు ఒంటిలో ఒక గంట మోగుతుంది. కిటికీ తెరువు, లే, పరిగెత్తు, ఎవరినైనా పిలువు అని చెప్పేది ఆ గంటే. వసుధ విషయంలో అది రాత్రీ పగలూ మోగింది. ఆ గంట మోగకుండా ఉంటే బాగుండునని అప్పుడు నేను మొక్కుకున్నాను కూడా. స్వరూప ఒంట్లో అది మోగుతూనే ఉంది. పట్టీ దానికి గుడ్డ చుట్టేసింది, అంతే.

మర్నాడు కాత్యాయని దగ్గరికి వెళ్ళాను. చెడ్డ మనిషి కాదు. ఎలుక పిల్ల చచ్చిపోతే ఆ పూట అన్నం సహించని మనిషి. నేను చెప్పింది చివరిదాకా వింది. తర్వాత తను రాసిన వ్యాసం తీసి, ఒక వాక్యం దగ్గర వేలు పెట్టి నాకు చూపించింది. 'పట్టీ ధరించిన సిబ్బందిలో ఆరోగ్య ఫిర్యాదులు పూర్తిగా తగ్గిపోవడం ఒక అదనపు ప్రయోజనం.' ఆ వాక్యానికి ఆధారం కింద నా ప్రశ్నపత్రాల పేరు ఉంది.

"ఎలుకల నెత్తురు వారం వారం తీశామండీ," అంది. "వీళ్ళది ఒక్కసారీ తీయలేదు. హాయిగా ఉన్నారు కదా అనుకున్నాను."

ఇద్దరం డైరెక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన ఓపికగా విన్నాడు. జంతుశాల పనివాళ్ళు మన ఉద్యోగులు కారు, ఏజెన్సీ మనుషులు, కాబట్టి ఏజెన్సీకి రాయండి అన్నాడు. వచ్చే నెల పట్టీని బయటి కంపెనీలకు చూపించాల్సి ఉందని గుర్తుచేశాడు. తర్వాత నా ఫైలు తెప్పించి, ఆరు సంతకాలూ ఒక్కొక్కటే నా ముందు తిప్పాడు.

"బాధ లేదని వాళ్ళే రాశారు. నిజమేనని మీరే సంతకం పెట్టారు. ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?"

ఆ గదిలోంచి ఎలా బయటికి వచ్చానో నాకు గుర్తులేదు. నడుస్తూ చుట్టూ చూశాను, ఆ భవనాన్ని మొదటిసారి చూసినట్టు. ఎలుకల గదుల్లో గంటకి పదిహేనుసార్లు గాలి మారుతుంది. పనివాళ్ళు అన్నం తినే గదిలో ఫ్యాను రెక్క విరిగి రెండు ఎండాకాలాలైంది. ప్రతి సోమవారం ప్రతి ఎలుకనీ తూచి బరువు రాస్తారు. నా గదిలో మనుషులని తూచే యంత్రం ముల్లు నలభై దగ్గర ఇరుక్కుని ఉంది. ఎలుక ఊపిరిని కొలవడానికి ఆరో గదిలో ఒక గాజుపెట్టె ఉంది, చెవిపోగంత జీవం ఎంత గాలి పీలుస్తోందో కూడా చెబుతుంది. మనుషులు ఊది చూసే ప్లాస్టిక్ గొట్టం ఒక్కటి అడిగితే అవసరం కనబడటం లేదని జవాబొచ్చింది. ఎలుకలకి ఇవన్నీ ఉన్నందుకు నాకు ఏడుపు లేదు. ఉండాల్సిందే. నా ఒళ్ళు మండింది, వాటి పక్కన నిలబడ్డ మనిషికి ఇవేవీ లేనందుకు.

పట్టీ తీసెయ్యమని స్వరూపని బతిమాలాను. ఆమె ఒప్పుకోలేదు. తీస్తే ఎలుకలు బెదురుతాయి, పాపం వాటిదేం తప్పు అంది. తీసినవాళ్ళని ఏజెన్సీ ఉంచదని కూడా అంది. పోనీ ఆసుపత్రికి వెళ్ళమంటే, నా మాట కాదనలేక శనివారం వెళ్ళొచ్చింది.

"ఏం బాధ అని అడిగిండు సారూ డాక్టరు. ఏం లేదన్న. మరెందుకొచ్చినవన్నడు. నాగ్గూడ ఎరుక లేకపాయె."

ఆ చెప్పడంలోనే ఆరుసార్లు ఆగింది.

జంతుశాలలో ప్రతి గది తలుపుకీ ఒక డబ్బా వేలాడుతుంటుంది. అందులో పసుపు కాగితాలు. బాధా నివేదిక అంటారు. ఏ జంతువైనా బాధపడుతున్నట్టు ఎవరి కంటపడినా, ఊడ్చే మనిషైనా సరే, ఆ కాగితం నింపి మీట నొక్కవచ్చు. తలుపు మీద ఎర్రదీపం వెలుగుతుంది. పశువైద్యుడు వచ్చి చూసి సంతకం పెట్టేదాకా ఆ గదిలో ఏ పనీ జరగకూడదు. డైరెక్టరైనా దాన్ని ఆర్పలేడు. అది చట్టం. మా సంస్థలో అంత బలమున్న కాగితం మరొకటి లేదు.

మంగళవారం పదకొండింటికి ఆరో గది ముందు నిలబడి ఒక కాగితం తీశాను. జంతువు సంఖ్య అన్నచోట స్వరూప హాజరు సంఖ్య రాశాను. జాతి అన్న గడిలో ఎలుక, చుంచు, కుందేలు, గినీపంది, ఇతరములు అని అచ్చువేసి ఉంది. ఇతరములు దగ్గర టిక్కు పెట్టి, పక్కన 'మనిషి' అని రాశాను. బాధ, లక్షణాలు: కూర్చున్నప్పుడు కూడా నిమిషానికి ముప్ఫైనాలుగుసార్లు ఊపిరి, గోళ్ళు నీలం, మెడ కండరాలతో గాలి లాక్కోవడం. తీవ్రత: మిక్కిలి. ఇది పిచ్చిపనేమో అనిపించింది. మీట నొక్కాను.

పశువైద్యుడు డాక్టర్ ఇంతియాజ్ అయిదు నిమిషాల్లో వచ్చాడు. కాగితం చదివాడు. నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు.

"ఏ పంజరం?" అన్నాడు.

"పంజరం లేదు డాక్టర్‌సాబ్. మూడో వరస దగ్గర పొట్టు దులుపుతోంది."

స్వరూపని స్టూలు మీద కూర్చోబెట్టాడు. ఆయనకొక అలవాటుంది. స్టెతస్కోపు బిళ్ళ చల్లగా తగిలితే ఎలుకలు ఉలిక్కిపడతాయని, ముందు దాన్ని అరచేతిలో పట్టుకుని వెచ్చచేస్తాడు. ఆమె వీపు మీద పెట్టేముందు కూడా అలాగే చేశాడు. ఆ అరనిమిషం నేను ఎప్పటికీ మరచిపోను. ఆ భవనంలో ఆమె ఊపిరికి జరిగిన మొదటి వైద్యం అది.

రెండువైపులా విన్నాడు. మళ్ళీ విన్నాడు. "లోపల సీటీలు కొడుతున్నట్టుంది," అన్నాడు మెల్లగా. "ఎలుకైతే ఏడాది కిందనే ఆపించేవాణ్ణి."

అంబులెన్సుకి కబురు చేసి, ఎలుకల ఆపరేషన్ గదిలోని ఆక్సిజన్ సిలిండరు దొర్లించుకొచ్చాడు. దాని మాస్కు బొటనవేలంత ఉంది. దాన్ని పీకేసి, గొట్టాన్ని ఆమె ముక్కు దగ్గర తనే పట్టుకున్నాడు. అప్పుడు పట్టీ తీశాడు. ఆమెతోపాటు ఆ తల్లి వాసనా గది దాటిపోతుంటే వెనక ఒక ఎలుక కీచుమంది. తర్వాత ఇంకొకటి. మేం గేటు చేరేసరికి పన్నెండు వందలూ అరుస్తున్నాయి.

చెమటలో వాసన చావడానికి గంట పట్టింది. అప్పటికి ఆసుపత్రి మంచం మీద ఉంది. ఉన్నట్టుండి స్వరూప కళ్ళు పెద్దవయ్యాయి. నా మణికట్టు పట్టుకుంది, ఇనపకొక్కెంలాగా. అక్కడి డాక్టరు వంగి, ఏం బాధమ్మా అని అడిగాడు.

"దమ్ము," అంది. "దమ్మాడ్త లేదు సారూ. సచ్చిపోత."

వాళ్ళు పరిగెత్తారు. సూదులు, ఆవిరి, ఆక్సిజన్. పదకొండు రోజులు ఉంచారు. బతికింది. పోయిన ఊపిరిలో కొంత వెనక్కి వచ్చింది. అంతా రాదని చెప్పారు.

ఆ పదకొండు రోజుల్లోనే జంతు సంక్షేమ కమిటీ కూర్చుంది. గంటన్నర చర్చించి, మనిషి తమ పరిధిలోకి రాడని తేల్చింది. నివేదిక చెల్లదంది. సాంకేతిక లోపం కింద ఎర్రదీపం ఆర్పించింది. ఫారాన్ని దుర్వినియోగం చేసినందుకు నాకు నోటీసు వచ్చింది. కాత్యాయని పట్టీని ఆపమని రాసిచ్చింది. ఆమెను ఆ పని నుంచి తప్పించారు. మిగతా అరవైముగ్గురికీ వచ్చే సోమవారం ఎప్పటిలాగే పట్టీలన్నారు. అన్నిటికంటే ముందు మా సంస్థ మెరుపులా చేసిన పని ఇంకొకటి ఉంది. పసుపు కాగితాలన్నీ మళ్ళీ అచ్చువేయించారు. కొత్తవాటిలో ఎలుక, చుంచు, కుందేలు, గినీపంది ఉన్నాయి. ఇతరములు అన్న మాట తీసేశారు. రెండేళ్ళు ఫ్యాను రెక్క మార్చలేనివాళ్ళకి ఆ మాట తీసెయ్యడానికి నాలుగు రోజులు పట్టింది.

స్వరూప ఇంటికొచ్చాక చూడ్డానికి వెళ్ళాను. సందు మలుపులోనే అరుపులు వినబడ్డాయి. ముందు కుక్క నా మీద పడి మొరిగింది. లోపల నర్సింలు ఆటో తాళం ఎక్కడ పెట్టావంటున్నాడు. స్వరూప అతన్నీ, తాళాన్నీ, అతని వెనకటి ఏడు తరాలనీ కలిపి తిడుతోంది, మధ్యమధ్య దమ్ము తీసుకుంటూ. పింకీ కాలికి ముల్లు గుచ్చుకుందని శోకాలు పెడుతోంది. నేను లోపలికి పోకుండా గోడకానుకుని కాసేపు విన్నాను. చాలా ఏళ్ళుగా అంత మంచి చప్పుడు నేను వినలేదు.

కమిటీ సంగతి చెప్పాను. ఆమె ముఖం ఎర్రబడింది. పట్టీ ఉన్న రోజుల్లో ఆ ఎరుపు చూసి ఎరగను.

"నన్ను మనిషన్నరు, గందుకే చూసేది లేదన్నరు. గంతేనా సారూ?" అంది. కొంచెం ఆగి, ఆ కొత్త కాగితం ఎట్లుంటదో చెప్పమంది. చెప్పాను. ఇంకేమీ అడగలేదు. నా గడియారం మాత్రం రెండు రోజులకి ఇమ్మంది.

శనివారం మధ్యాహ్నం అన్నాల వేళ ఆమె సంస్థ గేటు బయట వేపచెట్టు కింద ఇటుక మీద కూర్చుందట. జంతుశాల పనివాళ్ళని ఒక్కొక్కరినే పిలిచి కూత పెట్టించిందట. వాళ్ళకేం బాధ లేదు, అందరూ నవ్వుతూనే పెట్టారట. ఒకామెకి పద్నాలుగు, ఒకామెకి తొమ్మిది, నిరుడు పెళ్ళయిన పిల్లకి పదకొండు. నవ్వులు ఆగలేదుగాని అంకెలు అందరికీ అర్థమయ్యాయి. ఆటలో పదకొండు సెకన్లకి కూత తెగినవాళ్ళు గీత దాటి వెనక్కి రాలేరు. అది వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ సాయంత్రమే అందరూ పట్టీలు పీకేశారు.

సోమవారం పొద్దున నేను నోటీసుకి జవాబు రాసుకుంటుంటే ఇంతియాజ్ నా గదికి వచ్చాడు. జంతుశాలలో తొమ్మిది గదులుంటే తొమ్మిదింటి మీదా ఎర్రదీపాలు వెలుగుతున్నాయన్నాడు. పనివాళ్ళంతా వరండాలో వరసగా కూర్చున్నారట, దగ్గుతూ, తిట్టుకుంటూ. డైరెక్టరు రెండుసార్లు ఫోను చేసి దీపాలు ఆర్పమన్నాడట.

"రూలు రూలే సుదర్శనంగారూ," అన్నాడు. "ఫారం సరిగ్గా నింపి ఉంది. చూడకుండా సంతకం పెట్టలేను."

చేతిలోని పసుపు కాగితాల కట్ట నా బల్ల మీద పెట్టాడు. లెక్కపెట్టాను. అరవైనాలుగు. స్టెతస్కోపు మెడలోంచి తీసి, బిళ్ళను అరచేతిలో పట్టుకుని, వెచ్చబడేదాకా అక్కడే నిలబడ్డాడు.

పైనున్న కాగితంలో సంఖ్య దగ్గర హాజరు సంఖ్య ఉంది. పేరు గడి ఆ ఫారంలో ఉండదు, అందుకని అంచున 'స్వరూప' అని రాసుకుంది. జాతి: ఎలుక దగ్గర గట్టిగా, కాగితం చిరిగేంతగా టిక్కు. దాని కింద బాధ అన్నచోట, ఏడాదిన్నరగా నేను చూడని మాట ఒక్కటే.

ఉంది.